చొక్కా చదివే చెమట: ఒంగోలు, నెల్లూరు ఎండల్లో రసాయన సెన్సర్ బట్టలు

తెల్ల చొక్కా మీద పప్పుచారు ఒలికితే పసుపు మరక పడుతుంది. దాని మీద బట్టల సబ్బు రుద్దగానే ఎర్రగా తిరుగుతుంది. బాగా జాడించి కాస్త నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చగా అయిపోతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే ఇది. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) 7.5 దాటాక రంగు మారడం మొదలుపెట్టి, 8.5 వచ్చేసరికి ఎర్రబడుతుంది. సబ్బు నీళ్లు క్షారం కాబట్టి మరక ఆ రంగుకొచ్చింది. ఆ కాసేపూ ఆ చొక్కా ఒక రసాయన సెన్సర్. తనకు తగిలిన నీళ్లలో ఏముందో రంగుతో చెప్పింది.

బట్టలో రసాయన సెన్సర్లు పెట్టి ఆరోగ్యం కనిపెట్టడం అనే ఆలోచనకు మూలం ఇంత సాదాగానే ఉంటుంది. అయితే ఒంటి మీద బట్టకు తగిలేది సబ్బు నీళ్లు కాదు, చెమట. చెమట పీహెచ్ మామూలుగా 4.5 నుంచి 7 దాకా ఉంటుంది. అంటే పసుపు మారే హద్దుకు కిందే ఉండిపోతుంది కాబట్టి పసుపు ఇక్కడ పనికిరాదు. 5.2కూ 6.8కీ మధ్య పసుపుపచ్చ నుంచి ఊదాకు మారే బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు సరిగ్గా అతుకుతుంది. 2005లో యూరప్ దేశాలు కలిసి మొదలుపెట్టిన బయోటెక్స్ ప్రాజెక్టులో డబ్లిన్ సిటీ యూనివర్సిటీ పరిశోధకులు ఈ రంగునే గుడ్డ ముక్కకు పట్టించారు. పక్కన చిన్న ఎల్ఈడీ, దాని వెలుగు ఎంత తిరిగి వస్తోందో చూసే మరో ఎల్ఈడీ అమర్చి, చెమట పీహెచ్‌ను గుడ్డ మీదే చదివారు.

ఎల్ఈడీ ఎందుకు, కంటితో చూస్తే చాలదా అన్న అనుమానానికి నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు వేసిన ఏ రైతైనా జవాబు చెబుతాడు. చెరువు నీళ్లను చిన్న గాజు గొట్టంలో పట్టి, కిట్‌లోని చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డు పక్కన పెట్టి పోల్చడం ఆయనకు రోజూ ఉండే పని. పొద్దున మబ్బు వెలుతురులో 7.8లా కనిపించిన రంగు ఎండలోకి తెస్తే ఇంకోలా కనిపిస్తుంది. వెలుతురు మారితే కన్ను మోసపోతుంది. బట్ట మీద ఈ మోసం ఇంకా ఎక్కువ. తడి ఆరితే రంగు చిక్కబడుతుంది, మట్టి పడితే మసకబారుతుంది. అందుకే ఈ రంగంలో ఎక్కువ మంది రంగుల దారి వదిలి కరెంటు దారి పట్టారు.

కరెంటు దారిలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఒక్క రకం అయాన్‌ను, అంటే నీళ్లలో కరిగి విద్యుదావేశంతో ఉండే కణాన్ని, మాత్రమే పలకరించే పొర. సోడియంకు ఒక పొర, పొటాషియంకు ఒక పొర. చెమటలో ఆ అయాన్ ఎంత ఉంటే పొరకు అటూ ఇటూ అంత వోల్టేజీ తేడా పుడుతుంది. రెండోది ఎంజైమ్. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజును తింటూ హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. ఆ పెరాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద పుట్టించే కరెంటును కొలిస్తే గ్లూకోజు లెక్క వస్తుంది. ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన 1962లోనే లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ వేశారు. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకునే స్ట్రిప్పు దాని మనవడే. 2010లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో జోసెఫ్ వాంగ్ బృందం ఇలాంటి ఎలక్ట్రోడ్లను స్క్రీన్ ప్రింటింగ్‌తో లోదుస్తుల నడుము పట్టీ మీద అచ్చువేసింది. నడుము పట్టీనే ఎంచుకోవడంలో తెలివుంది. ఒంటి మీద వేసుకునే బట్టల్లో చర్మాన్ని ఎప్పుడూ గట్టిగా అంటిపెట్టుకుని ఉండేది అదే. 2016 జనవరిలో కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీ పరిశోధకులు గ్లూకోజు, లాక్టేట్ (కండరాలు కష్టపడినప్పుడు పుట్టే పదార్థం), సోడియం, పొటాషియం, చర్మం వేడి, అయిదింటినీ ఒకే పట్టీలో కొలిచి ఫోన్‌కు పంపించి చూపించారు.

ఇక తీగల సంగతి. కరెంటు పారాలంటే బట్టలో లోహం ఉండాలి. జరీ అంచు చీర నేసే వాళ్లకు ఇది కొత్త మాట కాదు. నూలు పోగు చుట్టూ సన్నటి వెండి రేకు చుడితే జరీ. కరెంటు తీగ కూడా అంతకంటే వేరు కాదు. 1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో బట్ట మీద సర్క్యూట్లు కుట్టడం మొదలుపెట్టినవాళ్లు తొలిరోజుల్లో వాడింది మన దేశంలో తరతరాలుగా నేస్తున్న లోహపు రేకు పట్టు ఆర్గంజా అనే పలచటి బట్టనే. నెల్లూరు పక్కన పాటూరులో మగ్గం మీద పడుగు, పేక, జరీ లెక్క తెలిసిన నేతగాడికి ఈ కొత్త బట్ట నిర్మాణం పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఇబ్బంది రాగి జరీతో వస్తుంది. చెమట తగిలిన రాగికి చిలుము పడుతుంది. పైపూత ఉన్న ప్లాస్టిక్ జరీ మెరుస్తుంది కానీ ఆ పూత మీదుగా కరెంటు అందదు. అందుకే ఈ పనికి వెండి పూసిన నైలాన్ దారం గానీ, కార్బన్ సిరా గానీ వాడతారు.

ఖర్చుల పద్దు

ఇంతవరకూ పరికరం. దాని చుట్టూ జరిగే ప్రచారంలో అసలు ప్రశ్న తప్పిపోతోంది. చెమట దేన్ని నిజంగా చెబుతుంది?

చర్మం కింద 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులున్నాయి. ఒక్కొక్కటీ అడుగున చుట్ట చుట్టుకున్న గొట్టం. ఆ చుట్టలో పుట్టే నీరు దాదాపు రక్తంలోని ద్రవమంత ఉప్పగా ఉంటుంది. పైకి వచ్చే దారిలో గొట్టం గోడలు సోడియంను, క్లోరైడును వెనక్కి లాక్కుంటాయి. అందుకే చర్మం మీదికి వచ్చే చెమట రక్తం కన్నా పలచగా ఉంటుంది. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ల (కణాల సంఖ్యను బట్టి వేసే రసాయన కొలత) మధ్య కదలకుండా ఉంటే, చెమటలో మనిషిని బట్టి 20 నుంచి 80 దాకా మారుతుంది. చెమట జోరుగా పోస్తే వెనక్కి లాక్కునే సమయం చాలక ఉప్పు ఎక్కువ పోతుంది. వారం పది రోజులు ఎండకు అలవాటు పడిన ఒంట్లో ఆల్డోస్టిరోన్ హార్మోన్ పెరిగి గొట్టం ఉప్పును గట్టిగా పట్టుకుంటుంది, చెమట పలచబడుతుంది.

ఇదంతా కలిపి చూస్తే చెమట ఖర్చుల పద్దు అని తేలుతుంది. ఒంట్లోంచి ఎంత పోయిందో చెబుతుంది. రక్తంలో ఎంత నిల్వ ఉందో చెప్పదు. ఈ రెండూ కలిపేసినందువల్లే ఈ రంగంలో సగం మాటలు గాలి మాటలవుతున్నాయి.

చెమట రసాయనం వైద్యానికి పనికొచ్చిందని తొలిసారి తేలిందీ ఎండల్లోనే. 1948లో న్యూయార్క్‌ను వడగాడ్పులు కమ్మినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు ఎక్కువగా ఉన్నట్టు అక్కడి డాక్టర్లు గమనించారు. ఆ జబ్బు ఉన్న పిల్లల చెమట మామూలు కన్నా ఎంతో ఉప్పగా ఉందని 1953లో పాల్ డి సాంట్ ఆగ్నీస్ అనే డాక్టర్ బృందం ప్రకటించింది. ఆ పిల్లల స్వేదగ్రంథుల్లో క్లోరైడును వెనక్కి లాక్కునే దారే మూసుకుపోయి ఉంటుంది. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోళ్లు, ఆపైన ఉంటే ఆ జబ్బు ఉన్నట్టే అన్న పరీక్షను ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతోంది. అక్కడ చెమట చెప్పిన మాట అక్షరాలా నిలబడింది. కారణం, ఆ జబ్బుకు మూలమైన లోపం స్వేదగ్రంథిలోనూ ఉంటుంది.

చీమకుర్తి క్వారీ గోతిలో మధ్యాహ్నం

ఒంగోలుకు పడమర చీమకుర్తి, రామతీర్థం చుట్టూ గెలాక్సీ గ్రానైట్ క్వారీలున్నాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ శిలాశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రోంజైట్ పలుకులు. ఆ మెరుపుకే దేశదేశాల్లో గిరాకీ. పని చేసేవాళ్లకు మాత్రం ఆ నలుపే శత్రువు. నల్లరాయి పొద్దున్నుంచీ ఎండను తాగి, మెట్లు మెట్లుగా లోతుకు దిగిన గోతిలో నాలుగు వైపుల నుంచీ వేడిని తిరిగి కక్కుతుంది. గాలి అడుగు దాకా దిగదు.

మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చిన డ్రిల్లింగ్ కూలీ చొక్కా వీపును దగ్గర నుంచి చూస్తే తెల్లటి చారలు కనిపిస్తాయి. భుజాల మధ్య ఒకటి, దాని చుట్టూ కాస్త వెలుపలగా మరొకటి, చంకల కింద అర్ధచంద్రంలా ఇంకొకటి. చెరువు ఎండుతున్నప్పుడు గట్టు మీద నీటి గుర్తులు పడ్డట్టే ఉంటాయి. తడి ఎక్కడిదాకా పాకి ఆరిందో అక్కడ ఉప్పు గట్టుకట్టింది. ఒక్కో చార ఒక్కో విడత చెమటకు గుర్తు. బట్ట తనంతట తానే రాసుకున్న పద్దు ఇది, కాకపోతే చదివేవాళ్లు లేరు. ఉప్పు మిగిలింది, నీళ్లు ఎగిరిపోయాయి. ఎన్ని నీళ్లు పోయాయో చార చెప్పదు.

లెక్క వేసి చూద్దాం. లీటరు చెమటలో 20 మిల్లీమోళ్ల సోడియం ఉంటే పోయే ఉప్పు 1.2 గ్రాములు. 80 ఉంటే 4.7 గ్రాములు. ఎండలో బరువు పని చేసేవాడికి గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. పూట పనిలో 5 లీటర్లు పోయి, అందులో సోడియం మధ్యరకంగా 50 ఉందనుకుంటే పోయిన ఉప్పు దాదాపు 14.6 గ్రాములు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీడన కూర్చుని పనిచేసే మనిషికి అది సరైన సలహా. క్వారీలో బీపీ ఉన్న యాభై ఏళ్ల కూలీకి డాక్టర్ అదే సలహా చెబితే, మే నెలలో అది అతని ఒంటికి ఏ మేరకు వర్తిస్తుందో డాక్టర్‌కూ తెలియదు, అతనికీ తెలియదు. అతను లీటరుకు 1.2 గ్రాములు పోగొట్టుకునే మనిషా, 4.7 పోగొట్టుకునే మనిషా అన్నది ముందు తేలాలి. ఆ ఒక్క అంకెను ఇంత తేలిగ్గా తేల్చగలిగే పరికరం చెమటను చదివే బట్టే.

ఉత్త నీళ్లే తాగుతూ పోయినా ప్రమాదమే. ఉప్పు పోయిన చోట నీళ్లు మాత్రమే నింపితే రక్తంలో సోడియం 135 కిందికి జారుతుంది. తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. చూసేవాళ్లకు ఇవీ వడదెబ్బ లక్షణాల్లాగే ఉంటాయి, ఇంకా నీళ్లు తాగిస్తారు. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం ఎందుకు మంచివో ఇక్కడ తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోళ్ల సోడియం ఉంటుంది. ఉప్పు ఎక్కువ పోయే మనిషి చెమటకు అది దగ్గరగా ఉంటుంది.

2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మరణాలు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో ప్రకాశం ముందు వరుసలో ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేలలో ఎండకు ఎవరైనా జాగ్రత్త పడతారని అనుకుంటాం. అమెరికాలో పని భద్రత చూసే ఓషా లెక్కల్లో, ఆరుబయట పనిలో ఎండ వల్ల జరిగే చావుల్లో సగానికి మించి మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. అలవాటు పడని ఒంటి చెమటలో ఉప్పు ఎక్కువ పోతుందన్న మాట దీనికి కొంతవరకు జవాబు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఏప్రిల్‌లో గోతిలోకి దిగిన కొత్త కుర్రాడికి ఈ బట్ట అవసరం, పదేళ్లుగా అక్కడే ఉన్న మేస్త్రీ కన్నా ఎక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న వస్తే తడుముకోనక్కర్లేదు.

నెల్లూరు తీరానికి వచ్చేసరికి కథ మారుతుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో, రొయ్యల చెరువు గట్ల మీద గాలిలోనే తేమ ఉంటుంది. ఉక్క. లీటరు చెమట ఆవిరైతే ఒంటి నుంచి దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. కారి నేల మీద పడ్డ చెమట ఏమీ తీసుకుపోదు. ఉప్పు పోతుంది, చల్లదనం రాదు. అదే కనిగిరి వైపు పొడి వడగాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఎగిరిపోతుంది, చర్మం పొడిగా ఉంటుంది, మనిషి తనకు చెమటే పట్టలేదనుకుంటాడు. మోసం రెండు చోట్లా ఉంది, రెండు రకాలుగా. తీరంలో బట్ట కొలవాల్సింది ఉప్పు నష్టం. లోపలి ఎండలో అంతకు ముందు కొలవాల్సింది కనపడని నీటి నష్టం.

35 మిల్లీవోల్టుల మీద నిలిచే నమ్మకం

అయాన్ పొర పద్ధతిలో సోడియం పది రెట్లు మారితే వచ్చే వోల్టేజీ తేడా 59 మిల్లీవోల్టులు. 20 నుంచి 80కి అంటే నాలుగు రెట్లు. తేడా 36 మిల్లీవోల్టులు కూడా నిండదు. ఉప్పు తక్కువ పోయే మనిషికీ, ఎక్కువ పోయే మనిషికీ మధ్య ఉన్న దూరమంతా ఇంతే. గోడ గడియారంలో వేసే చిన్న బ్యాటరీ 1,500 మిల్లీవోల్టులు. చెమటకు నానిన ఎలక్ట్రోడు 5 మిల్లీవోల్టులు పక్కకు జరిగితే సోడియం లెక్క అయిదో వంతు తప్పుతుంది. పోలికకు వాడే ఎలక్ట్రోడు మీద వెండి, వెండి క్లోరైడు పూత ఉంటుంది. చెమటలో క్లోరైడు మారితే అది కూడా కదిలిపోతుంది కాబట్టి దాని మీద ఉప్పు నింపిన ఒక జిగురు పొర వేసి, దాని చుట్టూ ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూస్తారు. ఇన్ని జాగ్రత్తలు పడి ల్యాబ్‌లో పనిచేయించిన పట్టీ, కంప్రెసర్ ఊపుకీ రాతి దుమ్ముకీ మధ్య ఏం చేస్తుందన్నది వేరే పరీక్ష.

అంతకన్నా పెద్ద చిక్కు ఆవిరి. నూలు గుడ్డ చెమటను తాగి దాచుకుంటుంది. దాచుకున్న దాంట్లో సగం నీళ్లు ఎగిరిపోతే లీటరుకు 50 ఉండాల్సిన సోడియం 100 అని చూపిస్తుంది. పైన చెప్పిన తెల్ల చారల కథే ఇది. అందుకని సెన్సర్ ఉన్న చోట చెమట నిలవ ఉండకూడదు, పారాలి. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టు ఒక సన్నటి నూలు పట్టీ చర్మం నుంచి చెమటను లాగి, పైన నీరు ఎగిరిపోకుండా మూసిన దారిలో సెన్సర్ మీదుగా నడిపించి, చివర్లో బాగా పీల్చే ముద్దలోకి వదలాలి. వత్తి చివర నూనె మండుతూ ఉంటేనే కింది నుంచి నూనె పైకి వస్తుంది. ఇక్కడ ఆ మంట పని ఆ ముద్ద చేస్తుంది. అది నిండితే ప్రవాహం ఆగుతుంది, ఆ పూటకు కొలత అయిపోయినట్టే.

ఉతకడం మాటేమిటి? సబ్బు నీటి పీహెచ్ 10 దగ్గర ఎంజైమ్ నిలబడదు, అయాన్ పొరలోని మెత్తటి పదార్థం కరిగిపోతుంది. బండకేసి బాదే మన ఉతుకుడుకు అచ్చువేసిన కార్బన్ గీతలు పగుళ్లిస్తాయి. ఏళ్ల తరబడి పరిశోధకులు ఉతికినా చెదరని సెన్సర్ కోసం తిప్పలు పడుతున్నారు. ఈ విషయంలో మొండితనం అక్కర్లేదు. చొక్కాలో మన్నేది ఒకటి, మార్చేది ఒకటి ఉండాలి. వెండి దారం, టిచ్ బటన్లు చొక్కాతో పాటే ఉతుకుడుకు వెళ్తాయి. ఈసీజీ తీసేటప్పుడు గుండె మీద అంటించే ముక్కలకు ఉండేవి ఇలాంటి టిచ్ బటన్లే. రసాయనం ఉన్న పట్టీ మాత్రం వీపు లోపలి జేబులో పొద్దున పెట్టి సాయంత్రం తీసేయాలి. పట్టీ ధర కూలీ డబ్బుల్లో చిన్న భాగం కూడా కాకుండా ఉంటేనే ఇది నడుస్తుంది. అంతవరకూ ఇది ఆటగాళ్ల సామాను. 2021లో అమెరికాలో గేటరేడ్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన చెమట పట్టీ క్రీడాకారుల కోసం వచ్చింది. ఆటకు దొరికింది కాబట్టి పనికి కూడా ఎందుకు దొరకకూడదని అడగడం న్యాయం.

చక్కెర చొక్కా, కిడ్నీ చొక్కా

అందరూ అడిగేది చక్కెర. సూది లేకుండా చొక్కాతోనే షుగర్ తెలిస్తే ఎంత బాగుండును అనిపిస్తుంది. పరగడుపున రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్న మనిషి చెమటలో ఉండేది అందులో వందో వంతు ప్రాంతం. మామిడి పండు తిన్న చేత్తో వీపు గోక్కుంటే చర్మం మీద అంటే రసం ఆ కొద్ది గ్లూకోజును ముంచేస్తుంది. చెమట జోరు మారితే పలచబడుతుంది, చర్మం మీది సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. రక్తంలో నిల్వను ఖర్చుల పద్దులో వెతకడం వల్ల వచ్చిన తిప్పలివి. భుజానికి అంటించుకుని రోజంతా షుగర్ చూసుకునే సీజీఎం పరికరాలు పనిచేస్తున్నాయి కదా అంటే, అవి చెమటను చూడవు. సన్నటి పోగును చర్మం కిందికి దించి కణాల మధ్య ద్రవంలో కొలుస్తాయి. చర్మానికి కరెంటు పెట్టి ద్రవం లాగే గ్లూకోవాచ్‌కు 2001లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. చర్మం మండుతోందన్న ఫిర్యాదుల మధ్య కొన్నేళ్లకే అది బజారు నుంచి పోయింది. గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మొద్దని అదే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇన్సులిన్ మోతాదు ఆ అంకె చూసి వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఈ మాట మెత్తగా చెప్పడానికి వీల్లేదు.

ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో ఇంకో ఆశ పుడుతుంది. కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బెడద పాతది. కిడ్నీ జబ్బుల మాటా అక్కడి ఊళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. కిడ్నీలు చెడితే చెమటలో యూరియా కూడా పెరుగుతుంది. జబ్బు బాగా ముదిరినవాళ్ల చర్మం మీద యూరియా తెల్లటి పొడిలా పేరుకోవడం వైద్యులు పాతకాలం నుంచీ చూసిందే. యూరియేజ్ ఎంజైమ్‌తో దాన్ని కొలిచే పట్టీలు ల్యాబుల్లో ఉన్నాయి. అయినా కిడ్నీ చొక్కా అంటూ ఎవరైనా కనిగిరి వస్తే వద్దని చెప్పాలి. చర్మం మీద యూరియా పేరుకునే నాటికి జబ్బు చేయి దాటిపోయి ఉంటుంది. తొలి దశలో పట్టుకునేవి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు. ఆ రెండూ ఇప్పుడే, చవగ్గా చేయొచ్చు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా అన్నది నీటిని పరీక్షిస్తే తెలుస్తుంది గానీ చెమటను చూస్తే కాదు. చెమట బట్టకు ఇక్కడ వేరే చోటుంది. నికరాగువా చెరకు తోటల్లో రోజుల తరబడి ఎండలో నీరు చాలక పనిచేసిన కూలీల కిడ్నీలు దెబ్బతినడం, విరామం, నీడ, నీళ్లు పెంచాక ఆ దెబ్బ తగ్గడం కనిపించింది. ఒంట్లో నీరు ఏ పూట ఎంత పోయిందో తెలిస్తే, ఆ విరామం ఎప్పుడు ఇవ్వాలో తెలుస్తుంది.

పొగాకు చేలో బయటి వైపు సెన్సర్

బట్ట సెన్సర్ ఎప్పుడూ లోపలికే చూడాలని లేదు. ప్రకాశం జిల్లా వర్జీనియా పొగాకుకు పేరుపడ్డ నేల. శీతాకాలం తెల్లవారుజామున మంచు తడితో ఉన్న పచ్చాకు కోసి, చంకలో ఇరికించుకుని నడిచే కూలీ చొక్కా పక్క భాగం పూర్తిగా తడిసిపోతుంది. ఆకు మీది నికోటిన్ ఆ తడిలో కరిగి, బట్ట ద్వారా, చర్మం ద్వారా ఒంట్లోకి దిగుతుంది. కళ్లు తిరగడం, వాంతులు, తలనొప్పి, నీరసం. పొగాకు పండించే దేశాలన్నిటా తెలిసిన పచ్చి పొగాకు జబ్బు ఇది. బీడీ, సిగరెట్టు ముట్టని ఆడకూలీలకూ వస్తుంది. పైత్యం చేసిందనో, పరగడుపున పనికి వచ్చారనో సరిపెట్టుకుంటారు.

2020లో బర్క్లీ బృందమే చెమటలో నికోటిన్‌ను కొలిచే చేతి పట్టీ చేసి చూపింది. శాన్‌డియాగో బృందం 2017లో రబ్బరు గ్లవ్ చూపుడు వేలి మీద ఎలక్ట్రోడ్లు అచ్చువేసి, బొటనవేలితో తుడిచిన ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందును పట్టుకుంది. మిరప చేలో మందు కొట్టేవాళ్లకు ఆ రెండోది ఎంత అవసరమో విడమరచనక్కర్లేదు. పొగాకు చేలో మంచు ఆరాక కోత మొదలుపెట్టడం, నీరు చొరని ఏప్రాన్ కట్టుకోవడం వంటి మందులు ఎలాగూ తెలిసినవే. సెన్సర్ చేయగలిగింది సాక్ష్యం ఇవ్వడం. ఈ తలతిప్పుడు పైత్యం కాదు, నికోటిన్ అని అంకెతో చూపిస్తే ఏప్రాన్ ఎవరు కొనివ్వాలన్న మాట మొదలవుతుంది.

అంకె ఎవరి చేతికి వెళ్తుందన్నది చివరికి రసాయనం కన్నా గట్టి ప్రశ్న. క్వారీలో చొక్కా యజమాని ఇస్తే, ఫోన్ కాంట్రాక్టర్ దగ్గరుంటే, ఉప్పు ఎక్కువ పోయే కూలీని నీడన కూర్చోబెట్టొచ్చు, మర్నాటి నుంచి పనికి రావద్దనీ చెప్పొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం యజమాని కొన్ని వివరాలను సమ్మతి అడగకుండానే వాడుకునే వీలు కల్పించింది. చెమట ఆ లెక్కలోకి రాకుండా ముందే గీత గీయాలి. పట్టీ కూలీ సొంతం, అంకె మొదట కూలీ కంటికే కనిపించాలి, ఎరుపో పచ్చో చూసి తానే పైకి వచ్చి కూర్చునే హక్కు ఉండాలి. రంగు చూపే గుడ్డకు ఈ విషయంలో ఫోన్‌కు లేని సుగుణం ఉంది. అది వేసుకున్నవాడికే చెబుతుంది.

బట్ట వచ్చేలోగా చేయదగ్గ కొలత ఒకటుంది, దానికి కిరాణా కొట్లో బస్తాలు తూచే కాటా చాలు. పొద్దున ఆరింటికి గోతిలోకి దిగే ముందు మనిషి బరువు 62 కిలోలు. ఒంటిగంటకు పైకి వచ్చాక, తడి చొక్కా విప్పి ఒళ్లు తుడుచుకుని నిలబడితే 60.5. ఈ మధ్యలో 3 లీటర్ల నీళ్లు తాగాడు, మూత్రానికి వెళ్లలేదు. అంటే చెమటగా పోయింది 4.5 లీటర్లు, ఇంకా పూడ్చాల్సింది లీటరున్నర. ఒంటి బరువులో 2 శాతం దాటిన లోటు అది, ఆ పూటకు మళ్లీ దిగకూడదు. ఆ 4.5 లీటర్లతో పోయిన ఉప్పు 5 గ్రాములా, 21 గ్రాములా అన్నది మాత్రం కాటా చెప్పలేదు.